బిడ్డకు సాక్ష్యం చెప్పేదెవరు?

తిరుపతిలో పుట్టి పెరిగినవారికి సిఫారసు లేఖ అంటే ఏమిటో వివరించనక్కరలేదు. తిరుమలలో వీఐపీ బ్రేక్ దర్శనానికి శాసనసభ్యుడో పార్లమెంటు సభ్యుడో ఇచ్చే లేఖ అది. దూరపు ఊళ్ల నుంచి వచ్చే మిత్రులకు ఆ లేఖ సంపాదించి పెట్టడం మన పట్టణంలో స్నేహధర్మంగా మారిపోయింది. హిందూ మిత్రుని కోసం నాయకుని ఇంటి ముందు ఉదయాన్నే నిలబడిన ముస్లిం సోదరులు ఈ పత్రిక పాఠకుల్లోనే ఉన్నారు. అది మంచి సంగతే. అయితే ఆ లేఖ తీరును ఒకసారి గమనించాలి. అందులో యాత్రికుని గుణగణాల ప్రస్తావన ఉండదు, ఉండవలసిన అవసరమూ లేదు. పేర్లు, ఎంతమంది, ఏ తేదీ, కింద సంతకం. లేఖకు బలం రాసినవారి హోదాలో ఉంటుంది. తీసుకువెళ్లే మనిషి ఎవరో రాసినవారికి తెలియకపోయినా పని జరుగుతుంది.

సిఫారసు అనే మాటే పారశీకం నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. మాటతోపాటు దర్బారు అలవాటు కూడా కొంత వచ్చినట్టుంది. పెద్దమనిషి చేత ఒక ముక్క రాయిస్తే తలుపు తెరుచుకుంటుందన్న నమ్మకం మనలో బలంగా పాతుకుపోయింది. రేషను కార్డు నుంచి ఆసుపత్రి పడక దాకా అనుభవం కూడా ఆ నమ్మకాన్నే పెంచింది. ఈ అలవాటును చదువుల విషయంలోకి తీసుకువచ్చినప్పుడు మన పిల్లలకు జరుగుతున్న నష్టం గురించే ఈ నెల రాయదలచుకున్నాము.

గత నెల మొదటి వారంలో పలమనేరు ప్రాంతం నుంచి ఒక తండ్రి, ఎం.ఎస్సీ. ముగించిన తన కూతురిని వెంటబెట్టుకుని మా కార్యాలయానికి వచ్చారు. చిన్న వ్యాపారి. ఆ ఇంట్లో డిగ్రీ గడప దాటిన మొదటి మనిషి ఆ అమ్మాయే. విదేశీ విశ్వవిద్యాలయంలో పరిశోధనకు దరఖాస్తు పెడుతోంది, మూడు సిఫారసు లేఖలు కావాలి. తండ్రి ప్లాస్టిక్ ఫైలు తెరిచి మూడు లేఖలూ గర్వంగా మా ముందు పరిచారు. ఒకటి మాజీ ప్రజాప్రతినిధిది, ఒకటి మసీదు కమిటీ అధ్యక్షునిది, ఇంకొకటి పదవీ విరమణ చేసిన ఒక ఉన్నతాధికారిది. మూడింటిలోనూ దాదాపు ఒకే వాక్యం: ఈమె మంచి కుటుంబానికి చెందినది, సత్ప్రవర్తన కలది, ఉజ్జ్వల భవిష్యత్తు కలుగుగాక. “నెల రోజులు తిరిగాను భాయ్‌సాబ్, వీటికోసం” అన్నారాయన. ఆ నెల రోజుల్లో ఎన్నిరోజులు దుకాణం మూసుకున్నారో మేము అడగలేదు.

అమ్మాయి మౌనంగా నిలబడి ఉంది. ప్రాజెక్టు ఎవరి దగ్గర చేశావమ్మా అని అడిగితే, ఒక మేడం దగ్గర ఏడాదిపాటు ప్రయోగశాలలో పనిచేశానని చెప్పింది. మరి ఆ మేడంను అడగలేదా? “ఆమె పెద్ద పదవిలో లేరు సార్. పైగా అడగాలంటే బెరుకు” అంది. తమ కూతురి పనిని ఏడాదిపాటు కళ్లారా చూసిన ఒకే ఒక మనిషి ఆ ఫైలులో లేరన్న సంగతి తండ్రికి అప్పుడే తెలిసింది.

మన దగ్గర ప్రవేశాలన్నీ ర్యాంకు చుట్టూ తిరుగుతాయి. ఈఏపీసెట్‌కు గాని, ఐఐటీ పరీక్షకు గాని ఎవరి ఉత్తరమూ అక్కరలేదు. ఆ పద్ధతిలో అల్పసంఖ్యాకులకు ఒక రక్షణ ఉంది కూడా. జవాబు పత్రం దిద్దేవారికి పేరు కనబడదు, ఊరు కనబడదు, తలపై టోపీ కనబడదు. కనుక డిగ్రీ దాకా మన పిల్లలకు ఉపాధ్యాయుని లేఖ అన్న అనుభవమే ఉండదు. కళాశాల చివర్లో చేతికిచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ ఒక్కటే వారు చూసినది. అందరికీ ఒకే అచ్చు, ప్రవర్తన అన్న చోట ‘సంతృప్తికరం’ అన్న ముక్క. కాని పై మెట్టు ఎక్కేసరికి వ్యవహారం మారిపోతుంది. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగరాజ్‌లలోని మూడు సైన్సు అకాడెమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు అధ్యాపకుని లేఖ జతచేయాలి. అమెరికాలో పైచదువులకు సాధారణంగా మూడు లేఖలు అడుగుతారు. బ్రిటన్ వారి చెవెనింగ్ వేతనానికి రెండు.

ఆ లేఖ చేరే దారి కూడా దర్శన లేఖ దారి కాదు. విద్యార్థి తన దరఖాస్తులో అధ్యాపకుల పేర్లు, ఈమెయిలు చిరునామాలు నింపుతాడు. విశ్వవిద్యాలయం నేరుగా ఆ అధ్యాపకునికే లంకె పంపుతుంది. ఆయన లేఖను అందులోనే చేర్చాలి. చాలాచోట్ల ఈ విద్యార్థి మీకు ఎన్నాళ్లుగా తెలుసు, ఏ హోదాలో తెలుసు, మీరు బోధించినవారిలో ఇతని స్థానం ఎక్కడ అన్న ప్రశ్నలకు కూడా జవాబివ్వాలి. విద్యార్థి చేతికి కాగితం రాదు. అమెరికాలో 1974 నాటి చట్టం ప్రకారం ప్రవేశం పొందిన విద్యార్థికి తన రికార్డులు చూసే హక్కు ఉన్నా, లేఖల విషయంలో ఆ హక్కు వదులుకుంటారా అని దరఖాస్తులోనే అడుగుతారు. వదులుకోవడమే మేలు. విద్యార్థి చూస్తాడని తెలిసి రాసిన ఉత్తరానికి చదివేవారు అంత విలువ ఇవ్వరు. ఒక్క మాటలో చెప్పాలంటే వారు అడుగుతున్నది షహాదత్, అంటే సాక్ష్యం. మన ధర్మశాస్త్రం తెలిసినవారికి ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు. చూడనివాడు సాక్షి కాలేడు, అతడు ఎంత గొప్పవాడైనా సరే.

ఈ విషయంలో మన తిరుపతికి ఒక మంచి జ్ఞాపకం ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1896 నుంచి 1900 వరకు ఇక్కడి లూథరన్ మిషన్ పాఠశాలలో చదువుకున్నారు. అక్కడి నుంచి వేలూరు వెళ్లి, తరువాత మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో ఎం.ఏ. చేశారు. పట్టా కోసం ఆయన రాసిన సిద్ధాంత వ్యాసం 1908లో వెలువడింది. వేదాంతంలో నీతికి చోటు లేదన్న క్రైస్తవ విమర్శకులకు అది సమాధానం. దానిని పరిశీలించవలసిన ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ జార్జ్ హాగ్ స్వయంగా క్రైస్తవ మిషనరీ. గురువు నొచ్చుకుంటారేమోనని 20 ఏళ్ల ఆ యువకుడు భయపడ్డాడు. హాగ్ నొచ్చుకోలేదు సరికదా, యోగ్యతాపత్రం రాసి ఇచ్చారు. అందులో ఏముందో చూడండి. రెండో సంవత్సరంలో రాసిన ఆ వ్యాసాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నారు. తాత్త్విక సమస్య ముఖ్యాంశాలను ఈ విద్యార్థి గ్రహించిన తీరును, చిక్కైన వాదాన్ని సులువుగా నడపగల నేర్పును, సగటును మించిన ఆంగ్ల భాషా పట్టును విడివిడిగా చెప్పారు. కుటుంబం మంచిదని రాయలేదు. ఉజ్జ్వల భవిష్యత్తు కలుగుగాక అని దీవించనూ లేదు. తన మతాన్ని సమర్థించని వ్యాసం రాసిన విద్యార్థి పనిని ఒక గురువు తూచి చెప్పిన సాక్ష్యం అది. మరుసటి ఏడాది, 1909లో, ఆ యువకుడు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడయ్యారు.

గురువు మన మతంవాడు కాదు కదా, మనకేం రాస్తాడు అన్న శంక మన ఇళ్లలో తరచుగా వినబడుతుంది గనుక ఈ ఉదంతాన్ని కొంత వివరంగా చెప్పాము.

పక్కనే ఉన్న నెల్లూరులో జరిగిన సంగతి ఇంకొకటి. గణితం తప్ప తక్కిన సబ్జెక్టుల్లో తప్పి, పట్టా లేకుండా మిగిలిన శ్రీనివాస రామానుజన్ 1910లో నోటు పుస్తకాలు చంకన పెట్టుకుని ఒక్కొక్కరి గడపా తొక్కాడు. ఆ తిరుగుడులోనే అప్పటి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావును కలిశాడు. పైకి చూస్తే ఇదీ పెద్ద పదవిలో ఉన్న మనిషి సిఫారసు కోసం వెళ్లడమే. కాని రామచంద్రరావు గణితం తెలిసినవాడు, పుస్తకాలు చూసినవాడు. చూసి, నమ్మి, నెలకు 25 రూపాయలు తన జేబులోంచి ఇచ్చాడు. తరువాత మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా ఉద్యోగానికి 1912 ఫిబ్రవరిలో రామానుజన్ పెట్టుకున్న దరఖాస్తుకు జతచేసినది ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ లేఖ. మరుసటి ఏడాది ఆయనకు నెలకు 75 రూపాయల పరిశోధన వేతనం రావడానికి తోడ్పడిన లేఖ రాసినది గిల్బర్ట్ వాకర్. వాతావరణ శాఖ అధిపతి అయినా, అంతకుముందు కేంబ్రిడ్జిలో గణితం చెప్పినవాడు. వీరందరికీ హోదాలున్నాయి, నిజమే. ఆ హోదాకు తోడు నోటు పుస్తకం విప్పి చూసే అర్హత, ఓపిక కూడా ఉన్నాయి.

మరి మన పిల్లలు ఎవరిని అడగాలి? మా అభిప్రాయం సూటిగా చెబుతాము. ప్రాజెక్టు చేయించినవారు మొదటివారు. రెండు సెమిస్టర్లకు తక్కువ కాకుండా పాఠం చెప్పి, ప్రశ్నలకు జవాబిచ్చి, మీ రాతను దిద్దినవారు రెండోవారు. ఉద్యోగమో శిక్షణో చేసి ఉంటే అక్కడ మీ పనిని పర్యవేక్షించినవారు మూడోవారు కావచ్చు. ప్రిన్సిపాలు, విభాగాధిపతి, వైస్ ఛాన్సలరు పదవులను బట్టి ఈ వరుసలోకి రారు. వారు మీకు పాఠం చెప్పి ఉంటేనే వస్తారు. మన డిగ్రీ కళాశాలల్లో బోధనభారం చాలావరకు గెస్టు లెక్చరర్ల మీదా, కాంట్రాక్టు అధ్యాపకుల మీదా నడుస్తోంది. పిల్లలకు బాగా తెలిసినదీ వారే. “నా సంతకానికి విలువేముంది బాబూ” అని వారే వెనుకాడుతున్నారు. వారి ఉత్తరమే తీసుకోండి. పదవి చాలదన్న అనుమానం ఉంటే విభాగాధిపతి కూడా కలిసి సంతకం చేయవచ్చు. మూడింటిలో ఒకటి పదవిలో పెద్దవారిది ఉండాలని పట్టుబట్టేవారూ ఉన్నారు. మేము ఆ పట్టుదలకు పెద్ద విలువ ఇవ్వము. ఏమీ చెప్పని ఉత్తరాన్ని చదివినవారికి అర్థమయ్యేది, ఈ విద్యార్థికి మూడో సాక్షి దొరకలేదనే.

మత పెద్దలు, సంఘ నాయకుల లేఖలను పూర్తిగా కాదనడం లేదు. మసీదులో సాయంకాలపు బడిలో మీరు రెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి ఉంటే, దానిని దగ్గరుండి చూసిన ఇమాం సాహెబు సామాజిక సేవను అడిగే విద్యార్థి వేతనానికి చక్కని సాక్షి. అక్కడా నియమం అదే, చూసి ఉండాలి. బంధువులు మాత్రం ఎక్కడా పనికిరారు.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. తనను ఎరిగిన అధ్యాపకుడు ఒక్కడూ లేకుండానే మన పిల్లవాడు డిగ్రీ ముగిస్తున్నాడు. దేశంలో 20 ఏళ్లు దాటినవారిలో పట్టభద్రులు, డిప్లొమా ఉన్నవారు సుమారు 7 శాతం ఉండగా, ముస్లింలలో 4 శాతానికి లోపే ఉన్నారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. మన రాష్ట్రంలో 2007 నాటి చట్టంతో బీసీ-ఇ కింద వచ్చిన 4 శాతం రిజర్వేషను పుణ్యాన తరువాతి తరం కళాశాలల్లో అడుగుపెట్టింది. అడుగుపెట్టింది గాని, తరగతి గదిలో ఎక్కడ కూర్చుంటోంది? వెనుక వరుసలో. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కళాశాలలో ఇంగ్లీషు. నోరు విప్పితే యాస బయటపడుతుందన్న జంకు. పుంగనూరు, పలమనేరు, వాయల్పాడు వైపు వెళ్లే పిల్లలకు సాయంత్రం బస్సు తప్పిపోతుందన్న తొందర. ఆడపిల్లలకైతే గంట కొట్టగానే ఇంటికి చేరాలన్న కట్టడి. తరగతి అయిపోయాక అధ్యాపకుని గదిలో పది నిమిషాలు నిలబడి సందేహం అడిగే అవకాశం ఎవరికి ఉంటుందో ఆలోచించండి. సిఫారసు లేఖకు బీజం పడేది ఆ పది నిమిషాల్లోనే. కనుక డిసెంబరులో ఉత్తరం కావాలంటే రెండేళ్ల ముందు జూన్‌లో మొదలుపెట్టాలి. తల్లిదండ్రులు కూడా ఆ పది నిమిషాలను ఆలస్యం కింద లెక్కవేయరాదు.

పక్షపాతం లేదని మేము అనడం లేదు. బురఖా చూసి పెదవి విరిచేవారు, పేరు విని మాట తగ్గించేవారు ఉన్నారు. లేఖల చరిత్ర కూడా పూర్తిగా నిర్మలమైనది కాదు. అమెరికాలోని హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి విద్యాసంస్థలు 1920లలో పరీక్ష మార్కులతో పెద్ద సంఖ్యలో లోపలికి వస్తున్న యూదు విద్యార్థులను తగ్గించడానికే శీలం, వ్యక్తిత్వం, సిఫారసులు అన్న కొలతలను ముందుకు తెచ్చాయని సామాజికవేత్త జెరోమ్ కారబెల్ 2005లో ఒక గ్రంథంలో సవివరంగా చూపారు. ఆడపిల్లల సంగతి మరొకటి. అమెరికాలోని ఒక వైద్య కళాశాలలో అధ్యాపక పదవులకు వచ్చిన 300కు పైగా లేఖలను ఇద్దరు పరిశోధకులు విశ్లేషించి 2003లో ప్రచురించారు. స్త్రీల గురించి రాసినవి పొట్టిగా ఉన్నాయి, అనుమానం రేకెత్తించే మాటలు వాటిలో ఎక్కువగా ఉన్నాయి. మన దగ్గరి లేఖల్లోనూ మగపిల్లవాడు ‘ప్రతిభావంతుడు’ అయితే ఆడపిల్ల ‘అణకువ గలది’ అవుతుంది. అణకువ మంచి గుణమే కావచ్చు, ప్రయోగశాలలో చోటు మాత్రం ఇప్పించదు. ఇవన్నీ తెలిసిన తరువాత కూడా మా సలహా మారదు. ఎదుటివారు కాదంటారేమోనని అడగకుండానే వెనుదిరిగితే, ఆ పక్షపాతం పనిని మనమే చేసిపెట్టినట్టు.

ఇక అధ్యాపకులతో ఒక మాట. “నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతాను” అనే అలవాటు మన కళాశాలల్లో మామూలైపోయింది. పని ఒత్తిడి ఉంది, ఇంగ్లీషులో రాయడానికి జంకు ఉంది, కాదనము. అయినా అది సాక్ష్యాన్ని ముద్దాయి చేత రాయించుకోవడం వంటిదే. పిల్లవాడు ఇంటర్నెట్టులో దొరికిన నమూనా దించుతాడు, ఇప్పుడైతే కృత్రిమ మేధ చేత రాయిస్తాడు. ముగ్గురు గురువుల పేరిట మూడు ఉత్తరాలు ఒకే గొంతుతో వెళ్తాయి. అక్కడ కూర్చున్నవారు ఏడాదికి వందల ఉత్తరాలు చదువుతారు, పోల్చుకోలేరా? పోల్చుకున్నాక ఆ ఒక్క విద్యార్థితోనే ఆగదు. అదే కళాశాల నుంచి రేపు వెళ్లబోయే పిల్లల లేఖలపైనా నీడ పడుతుంది. ఇంగ్లీషు సరళంగా ఉన్నా పరవాలేదు. ఈ అమ్మాయి చేసిన ఫలానా ప్రయోగం రెండుసార్లు విఫలమైంది, మూడోసారి తప్పు తానే కనిపెట్టింది అన్న రెండు వాక్యాలు చాలు, పుటల కొద్దీ విశేషణాలకంటే ఎక్కువ చెబుతాయి.

విద్యార్థి చేయవలసినది ఉత్తరం రాయడం కాదు, గురువుకు జ్ఞాపకం చేయడం. ఏ సంవత్సరం ఏ పేపరు చదివాను, ప్రాజెక్టు ఏమిటి, ఏ మార్కులు వచ్చాయి, ఎక్కడికి, ఎందుకు దరఖాస్తు పెడుతున్నాను, గడువులు ఏమిటి అన్నవి ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. కనీసం ఆరు వారాల వ్యవధి ఉండాలి. అడిగేటప్పుడు “ఒక ఉత్తరం ఇవ్వండి సార్” అని కాక, “నా గురించి బలంగా రాయగలనని మీకు అనిపిస్తుందా సార్” అని అడగాలి. నీ గురించి నాకు అంతగా తెలియదమ్మా అని ఏ అధ్యాపకుడైనా చెబితే నొచ్చుకోకండి. పేలవమైన ఉత్తరం రాసి పంపినవారికంటే ఆయన మీకు ఎక్కువ మేలు చేశారు.

సంస్థల వంతు కూడా ఉంది. అధికారిక ఈమెయిలు నుంచి రాకపోతే లేఖను అనుమానించే విశ్వవిద్యాలయాలున్నాయి. మన ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో, రాజ్యాంగం 30వ అధికరణ కింద మనమే నడుపుకుంటున్న సంస్థల్లో ఎంతమంది అధ్యాపకులకు కళాశాల పేరిట చిరునామా ఉంది? పెద్ద ఖర్చుతో కూడిన పని కాదిది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. రెండూ 2015లో వచ్చినవే. తిరుపతిలో 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. బస్సులో వెళ్లిరాగల దూరంలో ఇన్ని ప్రయోగశాలలు ఉండగా, మన పిల్లలు వేసవిలో రెండు నెలలు అక్కడ పనిచేసే దారి చూపడానికి మైనారిటీ సంక్షేమ శాఖకు ఒక చిన్న సమన్వయ విభాగం చాలు. కేంద్రం మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను, విదేశీ చదువుల రుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చే ‘పఢో పర్‌దేశ్’ పథకాన్ని 2022-23 నుంచి ఆపివేసింది. వాటి పునరుద్ధరణ కోసం మన పోరాటం సాగాలి. అంతవరకు మన పిల్లలకు మిగిలినవి పోటీపడి గెలుచుకునే వేతనాలే. వాటిలో చాలావాటికి ఈ ఉత్తరాలు కావాలి.

పలమనేరు అమ్మాయి మరునాడే మేడం దగ్గరకు వెళ్లింది. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ప్రయోగాల రికార్డు తెమ్మన్నారు, రెండు గంటలు కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు, పది రోజుల తరువాత లేఖ పంపారు. బి.ఎస్సీ.లో పాఠం చెప్పిన గెస్టు లెక్చరరు ఇప్పుడు వేరే ఊళ్లో ప్రైవేటు కళాశాలలో పనిచేస్తున్నారు. నంబరు వెతికి పట్టుకుంటే ఆయనా పంపారు. తండ్రి ఫోన్ చేసి, తాను తెచ్చిన ఆ మూడు లేఖలను ఏం చేయమంటారని అడిగారు. జాగ్రత్తగా దాచుకోండి, ఇచ్చినవారి మనసు మంచిదే అన్నాము. మూడో ఉత్తరం ఇంకా రావలసి ఉంది. గడువు డిసెంబరు 15.